పాతిక సెంట్ల చందా, నూటయాభై ఏళ్ల బడి

ఏడాదికి పాతిక సెంట్లు. 1901లో అమెరికాలో పుట్టిన ఒక క్యాథలిక్ సేవా సంఘం సభ్యత్వ రుసుము అంతే. ‘ఇండియన్ పిల్లల్లో విశ్వాస పరిరక్షణ సమాజం’ అని దానికి పేరు. ఇండియన్లంటే ఇక్కడ అమెరికా ఆదివాసులు. పెద్ద దాతలను నమ్ముకుని పెట్టిన సంఘం కాదది. ఆదివారం చర్చికి వచ్చే మామూలు కుటుంబాలే దానికి ఆధారం. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి ఒక మంచి పనికి దాచిపెట్టే మన పల్లె ఇల్లాళ్ల పద్ధతి లాంటిదే ఇదీ. ఆ చిల్లర డబ్బులు డకోటా మైదానాల్లో, న్యూమెక్సికో, అరిజోనా ఎడారుల్లో, మోంటానా కొండల్లో ఉన్న ఆదివాసీ పిల్లల బడులకు చేరేవి.

ఈ దాతృత్వం వెనక నిజమైన భక్తి ఉంది, త్యాగం ఉంది. దాని నీడలో చెప్పలేని దుఃఖమూ ఉంది. రెంటినీ కలిపి చూస్తేనే చరిత్ర అర్థమవుతుంది. బడికి డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న చుట్టూ అమెరికాలో చర్చిలు, చట్టసభ, న్యాయస్థానాలు దశాబ్దాల పాటు పోరాడాయి. ఆ పిల్లల చదువు మీద చివరి మాట ఎవరిదన్న ప్రశ్నను మాత్రం చాలాకాలం ఎవరూ అడగలేదు. ఈ నూటయాభై ఏళ్ల కథలో మనం నేర్చుకోవలసినదంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

తెగల్ని పంచుకున్న చర్చిలు

1869లో యులిసెస్ గ్రాంట్ అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆదివాసులను పశ్చిమాన రిజర్వేషన్లకు, అంటే తెగలకు కేటాయించిన ప్రాంతాలకు, నెట్టే పని అప్పటికే ముమ్మరంగా సాగుతోంది. ఒప్పందాల ప్రకారం తెగలకు అందాల్సిన తిండి, బట్ట, డబ్బును ప్రభుత్వ ఏజెంట్లు దారిలోనే మింగేస్తున్నారు. ఈ అవినీతికి విరుగుడుగా గ్రాంట్ ‘శాంతి విధానం’ తెచ్చాడు. ఆ ఏజెంట్లు నడిపే ఏజెన్సీల నిర్వహణను చర్చి శాఖలకు అప్పగిస్తే నిజాయితీపరులు వస్తారని ఆయన ఆశ.

పంపకం దగ్గరే పేచీ మొదలైంది. డెబ్బైకి పైగా ఉన్న ఏజెన్సీల్లో 38 చోట్ల తామే మొదట అడుగుపెట్టామని క్యాథలిక్కుల వాదన. వాళ్లకు దక్కినవి ఏడెనిమిది. క్యాథలిక్ విశ్వాసం తీసుకున్న 80,000 మంది ఆదివాసులు ఇతర శాఖల చేతికి వెళ్లిపోయారని వాళ్లు ఆక్రోశించారు. ఏ తెగ ఏ చర్చి కిందికి రావాలో చర్చిలు, ప్రభుత్వం కలిసి తేల్చుకున్నాయి. తెగల పెద్దల అభీష్టానికి ఆ లెక్కల్లో చోటు లేదు. ఆదివాసులకు సొంత ఆరాధనలు, సొంత పవిత్ర స్థలాలు ఉన్నాయన్న ఆలోచన ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఎవరికీ వచ్చినట్టు లేదు.

1874 జనవరిలో బాల్టిమోర్ ఆర్చిబిషప్ జేమ్స్ బేలీ, ఆదివాసీ వ్యవహారాలు చూడటానికి జనరల్ చార్లెస్ యూయింగ్‌ను వాషింగ్టన్‌లో కమిషనర్‌గా నియమించాడు. అంతర్యుద్ధ సేనాని షెర్మన్‌కు ఆయన బావమరిది. వాయవ్య తీరంలో చిరకాలం మిషనరీగా పనిచేసిన బ్రూయే అనే గురువు తోడయ్యాడు. ‘క్యాథలిక్ ఇండియన్ మిషన్ల బ్యూరో’కు బీజం అదే. చేతిలో డబ్బు లేదు. 1875లో వాషింగ్టన్ క్యాథలిక్ స్త్రీలు కొందరు ఒక సహాయ సంఘం పెట్టి చందాలు పోగుచేయడం మొదలుపెట్టారు. ఇంకా ఓటు హక్కు లేని ఆడవాళ్లు, తాము కళ్లారా చూడని పిల్లల బడుల కోసం దేశమంతా ఉత్తరాలు రాశారు. స్వచ్ఛంద సేవ ఈ కథలోకి అలా అడుగుపెట్టింది.

ఒప్పంద బడులు, ఒక వారసురాలు

1880ల్లో ప్రభుత్వం కొత్త పద్ధతికి వచ్చింది. చర్చి బడి కట్టి, ఉపాధ్యాయులను పెడితే, ఒక్కో పిల్లవాడికి ఇంత అని ప్రభుత్వం చెల్లిస్తుంది. వీటినే ఒప్పంద బడులన్నారు. క్యాథలిక్ బ్యూరో ఈ అవకాశాన్ని అందరికంటే చురుగ్గా అందుకుంది. ఆ దశాబ్దం ముగిసేసరికి ఒప్పంద బడులకు ప్రభుత్వం ఇచ్చే మొత్తంలో సగానికి పైగా క్యాథలిక్ బడులకే వెళ్లేది. 1884లో బాల్టిమోర్‌లో సమావేశమైన బిషప్పులు, ఏటా తపస్సు కాలపు తొలి ఆదివారం నల్లజాతీయుల, ఆదివాసుల మిషన్ల కోసం అన్ని చర్చిల్లో కానుక పట్టాలని తీర్మానించారు. ఆ కానుక నేటికీ నడుస్తోంది.

ప్రభుత్వం పిల్లల పోషణకే ఇస్తుంది. మరి భవనాలు ఎవరు కట్టాలి? ఫిలడెల్ఫియా బ్యాంకరు ఫ్రాన్సిస్ డ్రెక్సెల్ 1885లో కన్నుమూస్తూ ముగ్గురు కూతుళ్లకు దాదాపు 1.4 కోట్ల డాలర్ల ఆస్తి మీద వచ్చే ఆదాయం విడిచిపెట్టాడు. రెండో కూతురు క్యాథరిన్ దగ్గరికి డకోటా బిషప్ మార్టిన్ మార్టీ, బ్యూరో డైరెక్టర్ జోసెఫ్ స్టీఫన్ సాయం కోరి వచ్చారు. ఆమె ఇచ్చింది. అడిగినప్పుడల్లా ఇచ్చింది. 1887లో రోమ్‌కు వెళ్లి, ఈ మిషన్లకు మనుషుల్ని పంపమని పోప్ పదమూడో లియోను వేడుకుంటే, నువ్వే ఎందుకు మిషనరీవి కాకూడదని ఆయన ఎదురు ప్రశ్నించాడు. ఆ మాట ఆమె జీవితాన్ని తిప్పేసింది. 1891లో ఆమె సన్యాసం స్వీకరించి, ఆదివాసుల, నల్లజాతీయుల సేవకు ‘దివ్య సత్ప్రసాద సిస్టర్ల’ సభను స్థాపించింది. శాంటాఫేలో 1887లో తెరిచిన సెయింట్ క్యాథరిన్ బడి, అరిజోనాలో నవాహో పిల్లల కోసం 1902లో మొదలైన సెయింట్ మైకేల్ బడి ఆమె డబ్బుతో లేచినవే. జీవితకాలంలో ఆమె ఇచ్చింది సుమారు రెండు కోట్ల డాలర్లని చెబుతారు.

దక్షిణ డకోటాలో పైన్ రిడ్జ్ దగ్గర 1888లో తెరిచిన హోలీ రోజరీ మిషన్‌కూ ఆమె సొమ్మే పునాది. దాని వెనక మరో మనిషి పట్టుదల కూడా ఉంది. లకోటా నాయకుడు రెడ్ క్లౌడ్, తన పిల్లలకు చదువు చెప్పడానికి జెసూట్ గురువులనే పంపాలని ప్రభుత్వాన్ని ఏళ్ల తరబడి అడిగాడు. అమెరికా సైన్యాన్ని యుద్ధంలో ఒప్పందానికి దింపిన యోధుడు, రాబోయే కాలంలో తన జనం బతకాలంటే తెల్లవాళ్ల విద్య రావాలని లెక్క వేసుకున్నాడు. ఆయన కోరింది ఆ విద్యను. తన జాతి భాషను, ఆచారాన్ని చెరిపేయమని ఆయన అడగలేదు.

1890 డిసెంబరు 29న అక్కడికి కాస్త దూరంలోనే ఉండెడ్ నీ వద్ద సైన్యం వందలమంది లకోటాలను, ఆడవాళ్లూ పిల్లలతో సహా, కాల్చి చంపింది. మర్నాడు మిషన్ పక్కనే మరో పోరు జరిగింది. దాతపేరు మీద ఆ ప్రాంతాన్ని పిలిచేవారు కాబట్టి, చరిత్ర పుస్తకాల్లో అది ‘డ్రెక్సెల్ మిషన్ పోరు’గా మిగిలింది. దానికి కొన్ని వారాల ముందే మిషన్ పెద్ద ఫాదర్ యుట్జ్ లకోటాల శిబిరానికి స్వయంగా వెళ్లి రక్తపాతం ఆపాలని ప్రయత్నించాడు. బడి గోడల బయట అలాంటి కాలం నడుస్తోంది.

ఎండిన ఖజానా, కదిలిన జనం

ప్రజల పన్నులతో మతపు బడులు నడపడమేమిటన్న నిరసన 1890ల్లో పెరిగింది. అందులో రాజ్యాంగ సూత్రం మీద నిజమైన పట్టింపు ఉంది. క్యాథలిక్కులంటే గిట్టని సంఘాల ద్వేషం కూడా ఉంది. ఆదివాసీ వ్యవహారాల కమిషనర్, బాప్టిస్టు బోధకుడు థామస్ మోర్గన్ 1891లో బ్యూరోతో సంబంధాలే తెంచుకున్నాడు. 1896 నుంచి చట్టసభ నిధులను ఏటేటా కోస్తూ వచ్చింది. 1900తో అవి పూర్తిగా ఆగిపోయాయి.

అంతకంటే కఠినమైన దెబ్బ 1896లో తగిలింది. తమ పిల్లలు ఏ బడికి వెళ్లాలో నిర్ణయించే హక్కు ఆదివాసీ తల్లిదండ్రులకు లేదని కమిషనర్ బ్రౌనింగ్ ఆదేశించాడు. ప్రభుత్వ బడిలో ఖాళీ ఉంటే అక్కడికే పంపాలి. 1901లో మరో కమిషనర్, మిషన్ బడుల్లో చదివే పిల్లలకు ఒప్పందాల ప్రకారం రావలసిన రేషన్‌ను కూడా ఆపేశాడు. భూములు వదులుకున్నందుకు ప్రతిఫలంగా రాసిచ్చిన తిండి అది. దాన్ని పిల్లల కంచాల్లోంచి లాగేసిన ఆ నిర్ణయం ఎంత అన్యాయమో చెప్పడానికి ఏ మతం వాళ్లమన్నది అడ్డురాకూడదు.

ఆ గడ్డుకాలంలో 1901లో బ్యూరో పగ్గాలు పట్టినవాడు ఫాదర్ విలియం కెచమ్. చోక్టా తెగ మధ్య పనిచేసి, వాళ్ల భాష నేర్చుకున్న మనిషి. పాతిక సెంట్ల సమాజం ఆయన కాలంలోనే పుట్టింది. దాని వాణిగా 1902లో ‘ఇండియన్ సెంటినల్’ పత్రిక వచ్చింది. మిషన్ల నుంచి వచ్చిన ఉత్తరాలు, పిల్లల ఫొటోలు, బడుల అవసరాలు చందాదారుల ఇంటికి చేరేవి. ఆ పత్రిక 1962 దాకా నడిచింది.

1904లో న్యూయార్క్‌లో మార్కెట్ లీగ్ ఏర్పడింది. పదిహేడో శతాబ్దపు జెసూట్ మిషనరీ జాక్ మార్కెట్ పేరు దానికి పెట్టారు. పేదల సేవకు పేరుపడ్డ సెయింట్ విన్సెంట్ డీ పాల్ సంఘంలోని గృహస్థులే దాన్ని నడిపారు. తమ వృత్తులు తాము చేసుకుంటూ, మిగిలిన సమయంలో ప్రార్థనాలయాలకు, బడులకు విరాళాలు సేకరించారు. ఆ ఆలోచన అందించిన ఫాదర్ హెన్రీ గాన్స్, పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో గురువుగా పనిచేసినవాడు. ఆదివాసీ పిల్లలను వేల మైళ్ల దూరం తరలించి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చిన ప్రభుత్వ పాఠశాల కార్లైల్‌లోనే 1879 నుంచి 1918 దాకా నడిచింది. అక్కడి క్యాథలిక్ పిల్లల బాగోగులు ఆయనే చూశాడు.

కెచమ్, ఆయన సహచరులు పట్టువదలకుండా తిరిగారు. 1902లో బ్రౌనింగ్ ఆదేశం రద్దయింది. 1906లో పిల్లల రేషన్ తిరిగి వచ్చింది. తల్లిదండ్రులకు ఎంపిక హక్కు ఉందని ఒప్పించడం ఆ సంఘాలు చేసిన పనుల్లోకెల్లా గొప్పది. వాళ్లు ఆ హక్కు కోసం పోరాడింది పిల్లలు తమ బడికి వస్తారన్న ఆశతోనే కావచ్చు. అయినా సూత్రం సరైనది. అదే సూత్రాన్ని బడి గుమ్మం లోపల కూడా పాటించి ఉంటే ఈ చరిత్ర మరోలా ఉండేది.

న్యాయస్థానం మెట్లపై

ప్రభుత్వ నిధులు ఆగాక మరో దారి తెరుచుకుంది. తెగల పేరుమీద ప్రభుత్వం దగ్గర ఉన్న ఒప్పంద నిధులు, ట్రస్టు నిధులు తెగలవే కదా. వాళ్లు కోరి సంతకాలు పెడితే అందులోంచి మిషన్ బడులకు ఇవ్వవచ్చని థియొడోర్ రూజ్వెల్ట్ ప్రభుత్వం ఒప్పుకుంది. రోజ్‌బడ్ రిజర్వేషన్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ బడికి ఇలా 27,000 డాలర్లు ఇవ్వబోతే, రూబెన్ క్విక్ బేర్ మరికొందరు లకోటాలతో కలిసి కోర్టుకెక్కాడు. తమ అందరి ఉమ్మడి సొమ్మును ఒక మతపు బడికి ఎలా ఇస్తారన్నది ఆయన ప్రశ్న. 1908 మేలో సుప్రీంకోర్టు బడి పక్షాన తీర్పిచ్చింది. అది ఆదివాసుల సొమ్మే, వాళ్లు కోరుకున్న చదువుకు వాడుకోకుండా అడ్డుపడటమే మతస్వేచ్ఛకు భంగమని చెప్పింది.

దీన్ని చర్చి విజయంగానే చాలామంది రాశారు. మన కంట పడాల్సింది వేరే ఉంది. బడి కావాలని సంతకం పెట్టినవాళ్లూ లకోటాలే, వద్దని దావా వేసినవాళ్లూ లకోటాలే. దయ కోసం చేతులు చాచిన దీనులుగా చందా పత్రికల్లో కనిపించిన జనం, కోర్టు కాగితాల్లో తమ డబ్బు మీద, తమ పిల్లల మీద అభిప్రాయ భేదాలతో వాదించుకునే పౌరసమాజంగా కనిపిస్తారు. చట్టం మాత్రం 1924 దాకా వాళ్లందరినీ పౌరులుగా గుర్తించలేదు.

గుమ్మం లోపల

ఆ బడుల్లో ఏం జరిగింది? అక్షరాలు వచ్చాయి, లెక్కలు వచ్చాయి. వడ్రంగం, కుట్టుపని, పొలం పని నేర్చుకున్నారు. చలికాలంలో ఇళ్లలో తిండి కరువైనప్పుడు చాలామంది పిల్లలకు కడుపు నిండింది అక్కడే. రిజర్వేషన్‌లోనే ఉన్న మిషన్ బడి, వేల మైళ్ల దూరంలోని ప్రభుత్వ పాఠశాల కంటే తల్లిదండ్రులకు దగ్గర. కొందరు సిస్టర్లు, గురువులు యవ్వనంలో వచ్చి అక్కడే ముసలివాళ్లయి, ఆ మట్టిలోనే కలిసిపోయారు.

మరో పక్క, ఐదారేళ్ల పిల్లలు తల్లుల ఒడి నుంచి విడిపోయారు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు తిన్నారు. తాతల ప్రార్థనలు సైతాను పనులని నేర్చుకున్నారు. సగం రోజు చదువు, సగం రోజు చాకిరీ. క్షయ లాంటి రోగాలు ఇరుకు గదుల్లో పాకాయి. లైంగిక దౌర్జన్యాలు కూడా జరిగాయని పూర్వ విద్యార్థులు పెద్దయ్యాక బయటపెట్టారు. 1928లో వెలువడిన మెరియం నివేదిక, ప్రభుత్వ బోర్డింగు బడుల్లో ఒక్కో పిల్లవాడి తిండికి రోజుకు పదకొండు సెంట్లే ఖర్చవుతోందని చెప్పి దేశాన్ని నిలదీసింది. మిషన్ బడులు వాటికి భిన్నంగా ఉండేవని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలిగేవాళ్లు లేరు.

విచిత్రమేమిటంటే, పిల్లల నోట అణచివేసిన భాషలనే కొందరు గురువులు ప్రాణంలా ప్రేమించారు. రోజ్‌బడ్, పైన్ రిడ్జ్‌లలో పనిచేసిన జెసూట్ ఫాదర్ యూజీన్ బ్యూకెల్ లకోటా భాషకు వ్యాకరణం రాశాడు, నిఘంటువుకు వేల పదాలు పోగుచేశాడు. అరిజోనాలో ఫ్రాన్సిస్కన్ గురువు బెరార్డ్ హేల్ నవాహో భాషకు జీవితం ధారపోశాడు. ఉండెడ్ నీ మారణకాండను చూసిన లకోటా వైద్యుడు బ్లాక్ ఎల్క్ 1904లో నికొలస్‌గా బాప్తిస్మం తీసుకుని, ఉపదేశిగా ఊరూరా తిరిగి సొంత భాషలోనే సువార్త చెప్పాడు. తాతలు పొగ పీల్చే పవిత్ర గొట్టాన్నీ, సిలువనూ ఒకే గుండెలో మోసిన మనిషి ఆయన. ఆదివాసీ భాషలోనే చదువు, విశ్వాసం రెండూ సాధ్యమేనన్న సాక్ష్యం ఆ మిషన్ల లోపలే ఉంది. బడి నియమాలు రాసినవాళ్లు దాన్ని చూడలేదు.

మన గిడుగు రామమూర్తి పంతులు ఈ సందర్భంలో తలపుకు రాక తప్పదు. ఆ దశాబ్దాల్లోనే ఆయన పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో చదువు చెప్పించాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించాడు. ఆయన చేతిలో పెద్ద ట్రస్టు లేదు, వెనక ఏ బ్యూరో లేదు. బిడ్డ నోటి మాటను గౌరవించడమే చదువుకు మొదటి మెట్టని ఆయనకు తెలుసు.

పగ్గాలు మారిన కాలం

1955లో మదర్ క్యాథరిన్ డ్రెక్సెల్ కన్నుమూసింది. తండ్రి వీలునామా ప్రకారం సంతానం లేని కూతుళ్ల తర్వాత ఆ నిధి ఆయన పేర్కొన్న ఇతర ధర్మ సంస్థలకు పోయింది. అరవై ఏళ్లకు పైగా పారిన ఏరు ఒక్కసారిగా ఆగింది. శాంటాఫే బడి 1998లో మూతపడింది. మహాదాత ఒక్కరి మీద నిలిచిన సంస్థకు, వేలమంది చిన్న చందాదారుల మీద నిలిచిన సంస్థకు తేడా ఇక్కడ తెలుస్తుంది. 2000లో పోప్ రెండో జాన్ పాల్ ఆమెను పునీతురాలిగా ప్రకటించాడు.

1960ల నుంచి ఆదివాసీ ఉద్యమాలు తమ పిల్లల చదువు తమ చేతిలోనే ఉండాలని గట్టిగా అడిగాయి. 1975 నాటి స్వయంనిర్ణయ చట్టం దానికి బలమిచ్చింది. రోజ్‌బడ్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ బడి ఆ దశాబ్దంలో తెగ సంస్థ చేతికి వచ్చింది. హోలీ రోజరీ మిషన్ బడి 1969లో, తనను కోరి తెచ్చుకున్న రెడ్ క్లౌడ్ పేరు పెట్టుకుంది. కాలేజీ ముగించిన యువతీ యువకులు స్వచ్ఛంద సేవకులుగా అక్కడికి వచ్చి, పాఠాలు చెప్పడంతోపాటు బడి బస్సులు కూడా నడిపారు. ఒకప్పుడు లకోటా మాట వినిపిస్తే శిక్షించిన చోటే, 2008 నుంచి ఇండియానా విశ్వవిద్యాలయం తోడ్పాటుతో లకోటా పాఠ్యక్రమం తయారైంది. ఇప్పుడా బడి లకోటా భాషలోని మఖ్పియా లూటా పేరుతోనే నడుస్తోంది.

చందాల సేకరణ కూడా మారింది. పాతిక సెంట్ల చోట లక్షల ఇళ్లకు తపాలా విజ్ఞప్తులు వచ్చాయి. మోంటానాలోని సెయింట్ లాబ్రే బడి మీద నార్తర్న్ షయాన్ తెగ 2005లో దావా వేసింది. మా పేదరికాన్ని చూపించి కూడబెట్టిన డబ్బులో మా వాటా ఎక్కడన్నది ఆరోపణ. ఏళ్ల వ్యాజ్యం తర్వాత రాజీ కుదిరింది. బీదల బొమ్మ చూపి చందా అడిగేవాళ్లు ఆ బీదలకు జవాబుదారులు కావాలన్న మాట అలా కోర్టు దాకా వెళ్లింది.

లెక్క అప్పజెప్పే వేళ

2021లో లగూనా ప్యూబ్లో తెగ బిడ్డ డెబ్ హాలండ్ అమెరికా అంతర్గత వ్యవహారాల మంత్రిగా ఈ బడులపై విచారణకు ఆదేశించింది. 2024 నివేదిక ప్రకారం 1819 నుంచి 1969 దాకా ప్రభుత్వ మద్దతుతో నడిచిన ఆదివాసీ బోర్డింగు బడులు 417. వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారు. క్యాథలిక్ చరిత్రకారులు, పాత దస్తావేజులు భద్రపరిచేవాళ్లు కలిసి 2023లో తమ సంస్థలు నడిపిన 87 బోర్డింగు బడుల జాబితా వెలువరించారు. 2024 జూన్‌లో అమెరికా బిషప్పులు, అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పారు. పైన్ రిడ్జ్ బడి తన ఆవరణలోనే భూమి కింది సమాధుల కోసం వెతికించి, పూర్వ విద్యార్థుల మాట వినే సత్యశోధన మొదలుపెట్టింది. తన తప్పును తానే తవ్వి చూసుకునే ధైర్యం ఏ సేవా సంస్థకైనా ఉండాల్సిన గుణం.

పాతిక సెంట్లు ఇచ్చిన ఆ ఇల్లాళ్లను, కూలీలను దోషులనడానికి నాకు మనసొప్పదు. వాళ్లు ప్రేమతోనే ఇచ్చారు. అయితే వాళ్ల డబ్బు ఏ నియమాలతో ఖర్చవుతోందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు, పిల్లల తల్లుల్ని అడగండని వాళ్లు పట్టుబట్టనూ లేదు. మంచి మనసుకు తోడుగా ఆ పట్టుదల లేకపోతే ఎంత నష్టం జరుగుతుందో ఈ నూటయాభై ఏళ్లు చెబుతున్నాయి.

ఇది మనకు దూరపు కథ కాదు. సీతంపేట కొండల్లో, పాడేరు, భద్రాచలం, ఉట్నూరు ఏజెన్సీల్లో ఆదివాసీ పిల్లల కోసం హిందూ, క్రైస్తవ సంస్థలు బడులు, వసతి గృహాలు నడుపుతున్నాయి. హైదరాబాద్ నుంచి డల్లాస్ దాకా ఉన్న తెలుగువాళ్లు వాటికి చందాలిస్తున్నారు. ఇవ్వాలి, ఇంకా ఎక్కువ ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు కొన్ని ప్రశ్నలు కచ్చితంగా అడగాలి. ఈ బడిలో సవర, కోయ, గోండి మాటకు చోటుందా? పిల్లలు పండక్కి, జాతరకి ఇంటికి వెళ్లగలరా? కమిటీలో ఆ ఊరి తల్లులు, పెద్దలు ఉన్నారా? ఈ చదువు వద్దనే హక్కు వాళ్లకు ఉందా? బిడ్డను చదివించడానికి సాయం చేయడం పుణ్యం, ఆ బిడ్డ ఎవరిలా పెరగాలో దాత నిర్ణయించడం ఆక్రమణ. ఆదివాసీ తల్లి ‘వద్దు’ అంటే ఆగే బడి, ఆమె ‘ఇలా కావాలి’ అంటే మారే బడి మాత్రమే మన చందాకు అర్హమైనది.